టికెట్ రద్దయితే డబ్బు రావాలా, వోచర్ రావాలా? వరంగల్ ప్రాంత ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచి, అటు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిజామాబాద్ వైపు నుంచి రైలు, బస్సు, విమానం ఎక్కే మనవాళ్లు టికెట్ రద్దు చేసుకున్నప్పుడో, ప్రయాణమే రద్దయినప్పుడో అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నా అభిప్రాయం మొదటే చెప్తాను: ప్రయాణికుడు ఇచ్చింది డబ్బు, కాబట్టి తిరిగి రావలసింది కూడా డబ్బే. వోచర్ పుచ్చుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడు తేల్చుకోవలసిన విషయం. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు తమ డబ్బును గడువు తీరిన కోడ్‌ల రూపంలో పోగొట్టుకుంటున్నాయి.

విమానం రద్దయింది. యాప్ అడగకుండానే నా పేరిట క్రెడిట్ షెల్, అంటే ఆ సంస్థ టికెట్లకే వాడుకోవలసిన నిల్వ, జమ చేసింది. ఇప్పుడు డబ్బు అడగవచ్చా?

అడగవచ్చు, అడగాలి కూడా. విమాన టికెట్ల రిఫండ్‌పై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, జారీ చేసిన నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. రిఫండ్ మొత్తాన్ని క్రెడిట్ షెల్‌గా సంస్థ దగ్గరే ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టం మీద ఆధారపడిన ఏర్పాటే తప్ప, సంస్థ తనంతట తాను అమలు చేసే పద్ధతి కాకూడదు. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారికి రద్దయిన 7 రోజుల లోపు ఆ కార్డుకే డబ్బు తిప్పి పంపాలని కూడా అందులో ఉంది.

చిక్కంతా ఆ ఇష్టాన్ని అడిగే తీరులో ఉంది. రద్దు చేసే తెరను ఒకసారి నిదానంగా చూడండి. పైన పెద్ద రంగు బటన్ మీద "వెంటనే వోచర్ పొందండి" అని ఉంటుంది. దాని కింద సన్నని బూడిద రంగు అక్షరాలతో "చెల్లించిన ఖాతాకు పంపండి" అన్న వరుస ఉంటుంది, కొన్ని యాప్‌లలో ఆ వరుస మరో పేజీ తెరిస్తే గాని కనిపించదు. విమానం రద్దయిందన్న కంగారులో, పక్కన పిల్లలు ఏడుస్తుండగా, పెద్దవాళ్లు "ఏమైంది" అని అడుగుతుండగా ఫోన్ పట్టుకున్న మనిషి పెద్ద బటన్‌నే నొక్కుతాడు. దాన్ని మనస్ఫూర్తిగా ఇచ్చిన సమ్మతి అనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

పొరపాటున నొక్కినా, అడగకుండానే వోచర్ వచ్చినా ఆ రోజే సంస్థకు ఈమెయిల్ రాయండి. "ఈ వోచర్‌ను నేను కోరలేదు, అంగీకరించడం లేదు, వాడను, చెల్లించిన ఖాతాకే రిఫండ్ పంపగలరు" అన్న ఒక్క వాక్యం చాలు. వోచర్‌లో పది రూపాయలైనా వాడితే ఈ వాదన బలహీనపడుతుంది కనుక దాన్ని ముట్టుకోకండి. ఫోన్‌లో మాట్లాడినా, మాట్లాడిన సంగతిని మళ్లీ ఈమెయిల్‌లో పెట్టండి.

అయితే వోచర్ ఎప్పుడూ తీసుకోకూడదా?

అలా అనను. ఆ సంస్థ విమానంలోనే రెండు నెలల్లో తప్పకుండా వెళ్లే పని ఉండి, వోచర్ విలువ రిఫండ్ కంటే స్పష్టంగా ఎక్కువగా ఉంటే తీసుకోవచ్చు. కానీ ముందు షరతులు చదవాలి. గడువు లోపు టికెట్ బుక్ చేస్తే సరిపోతుందా, ప్రయాణం కూడా పూర్తి కావాలా అన్నది అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకేసారి మొత్తం వాడాలా, మిగిలింది నిలుస్తుందా, ఇంట్లో మరొకరి టికెట్‌కు పనికొస్తుందా, మూల ఛార్జీకే వర్తించి పన్నులు మనమే కట్టాలా అన్నవి ఆ తర్వాత చూసుకోవాలి.

ఒక తేడా కూడా గుర్తుంచుకోవాలి. బ్యాంకులు, వాలెట్ సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో ఇచ్చే ప్రీపెయిడ్ కార్డులకు కనీసం ఏడాది గడువు ఉండాలన్న నిబంధన ఉంది. ఒక సంస్థ తన దగ్గర మాత్రమే చెల్లేలా ఇచ్చే వోచర్ ఆ నియంత్రణ కిందికి రాదు. అందుకే ఒకరు ఆరు నెలలంటారు, ఒకరు ఏడాది అంటారు, మరొకరు ఫలానా మార్గంలోనే చెల్లుతుందంటారు.

పరిహారంగా ఇచ్చే వోచర్ వేరు, రిఫండ్‌కు బదులుగా ఇచ్చే వోచర్ వేరు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయినప్పుడు, తీవ్రంగా ఇబ్బంది పడినవారికి 12 నెలల పాటు చెల్లే 10,000 రూపాయల వోచర్లు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. అవి రిఫండ్‌కు, నిబంధనల ప్రకారం ఇవ్వవలసిన పరిహారానికి అదనం. ఇలాంటిది వస్తే తీసుకోండి, కానీ దాన్ని చూపించి అసలు డబ్బు ఎగవేయనివ్వకండి.

లాక్‌డౌన్ కాలంలో ఇచ్చిన క్రెడిట్ షెల్ మా దగ్గర అలాగే మిగిలిపోయింది. ఏమైనా దారి ఉందా?

2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ప్రయాణికులకు గొప్ప అండగా నిలిచింది. 2020 మార్చి 25 నుంచి మే 24 లోపు బుక్ చేసి, ఆ మధ్యకాలంలోనే ప్రయాణించవలసిన టికెట్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలని అందులో ఉంది. మిగతా టికెట్ల డబ్బును ఆర్థిక ఇబ్బందుల వల్ల ఇవ్వలేని సంస్థలు 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చని, దాని విలువ నెలనెలా 0.5 శాతం, 2020 జూన్ 30 తర్వాత 0.75 శాతం చొప్పున పెరగాలని, దాన్ని మరొకరికి బదిలీ చేసుకోవచ్చని, వాడకుండా మిగిలితే గడువు చివర డబ్బుగా ఇచ్చేయాలని కోర్టు చెప్పింది. అంటే మీ దగ్గర మిగిలింది సంస్థ ఆనాడే చెల్లించవలసిన డబ్బు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు ఉండటంతో ఇప్పుడు కొత్త కేసు నిలబడటం కష్టం, ఆలస్యానికి తగిన కారణం చూపగలిగితేనే కమిషన్ వింటుంది. అయినా ఆ తీర్పును ప్రస్తావిస్తూ సంస్థకు ఒక లేఖ రాయడంలో ఖర్చేమీ లేదు.

రైలు టికెట్ రద్దు చేస్తే ఎంత కోస్తారు?

2015 నవంబరు 12న అమలులోకి వచ్చిన నిబంధనలు దీన్ని మెట్లు మెట్లుగా పెట్టాయి. ఆ లెక్కలో ఖరారైన టికెట్‌ను బండి బయలుదేరడానికి 48 గంటల కంటే ముందే రద్దు చేస్తే ఒక్కో ప్రయాణికుడికి ఏసీ ఫస్ట్‌లో 240, ఏసీ టూ టైర్‌లో 200, ఏసీ త్రీ టైర్‌లోనూ చైర్ కార్‌లోనూ 180, స్లీపర్‌లో 120, సెకండ్ క్లాస్‌లో 60 రూపాయలు పోయేవి. 48 నుంచి 12 గంటల మధ్య అయితే ఛార్జీలో 25 శాతం, 12 నుంచి 4 గంటల మధ్య అయితే 50 శాతం పోయేది, ఆ తర్వాత ఏమీ వచ్చేది కాదు. ఏసీ, ఫస్ట్ క్లాస్ కోతలపై జీఎస్టీ అదనం.

వరంగల్ నుంచి ఢిల్లీ వెళ్లే ఒక కుటుంబంలో నలుగురున్నారని, ఏసీ త్రీ టైర్‌లో లెక్క సులువుగా ఉండటానికి ఒక్కొక్కరి ఛార్జీ 1,000 రూపాయలని అనుకుందాం. ఆ లెక్కన మూడు రోజుల ముందు రద్దు చేస్తే 720 రూపాయలు, ముందు రోజు చేస్తే 1,000, బయలుదేరే రోజు పొద్దున చేస్తే 2,000 పోయేవి. ప్రయాణం లేదని తెలిసిన క్షణమే రద్దు చేయాలని నేను అందరినీ వేడుకునేది ఇందుకే. ఈ గంటల లెక్కను రైల్వే 2026లో సవరించింది, వందే భారత్ స్లీపర్ వంటి బండ్లకు వేరే లెక్క పెట్టింది, కాబట్టి చివరి బటన్ నొక్కే ముందు తెరపై చూపే కోత మొత్తాన్ని చదవండి.

ఐఆర్‌సీటీసీ తీసుకునే సౌకర్య రుసుము, అంటే యూపీఐతో కడితే స్లీపర్‌కు 10, ఏసీకి 20 రూపాయలు, ఇతర పద్ధతుల్లో 15, 30 రూపాయలు, పైన జీఎస్టీ, ఎప్పటికీ వెనక్కి రాదు. టికెట్‌తో పాటు 45 పైసలకు ఇచ్చే బీమా రైలు ప్రమాదాలకు సంబంధించినది, రద్దు నష్టాన్ని అది పూడ్చదు.

వెయిటింగ్ లిస్టు ఖరారు కాలేదు. డబ్బు దానంతటదే వస్తుందా?

ఆన్‌లైన్ టికెట్ అయితే వస్తుంది. చార్టు తయారయ్యాక టికెట్‌లోని అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే అది తానే రద్దయి, తలకు 60 రూపాయల క్లర్కేజీ (రైల్వే ఉంచుకునే చిన్న రుసుము), వర్తించే చోట జీఎస్టీ పోగా మిగతాది ఖాతాకు చేరుతుంది.

కౌంటర్ టికెట్ విషయం పూర్తిగా వేరు, దీన్ని ఎంత చెప్పినా తక్కువే. అది తనంతట తాను రద్దు కాదు. బండి బయలుదేరడానికి 30 నిమిషాల ముందు వరకే గడువు, దాటితే పైసా రాదు. స్టేషన్‌కు రాలేనివారు రైల్వే ఫోన్ నంబరు 139 ద్వారా గాని, ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో గాని రద్దు చేసి, తర్వాత అసలు టికెట్‌తో కౌంటర్‌కు వెళ్లి డబ్బు తీసుకోవచ్చు. బుక్ చేసినప్పుడు ఫారంపై రాసిన మొబైల్ నంబరుకే ఓటీపీ వస్తుంది కాబట్టి, కాజీపేట కౌంటర్‌లో ఫారం నింపే పెద్దవారు పక్కవారి నంబరు రాయకుండా తమ ఇంట్లోవారిదే రాయాలి.

ఒకే టికెట్‌పై ఇద్దరికి బెర్తు దొరికి, ఇద్దరు వెయిటింగ్‌లో మిగిలితే చాలామంది బెర్తు దొరికిన ఇద్దరి టికెట్ డబ్బును వదులుకుంటారు. అలా చేయనక్కర్లేదు. ఎవరూ వెళ్లకుండా, బండి బయలుదేరడానికి 30 నిమిషాల ముందే అందరి టికెట్టూ రద్దు చేస్తే, ఖరారైనవారికి కూడా క్లర్కేజీ మాత్రమే పోతుంది.

తత్కాల్ టికెట్ రద్దు చేస్తే?

ఖరారైన తత్కాల్ టికెట్‌ను మనంతట మనం రద్దు చేసుకుంటే ఏమీ రాదు. బండి రద్దయినా, బయలుదేరే స్టేషన్‌లో 3 గంటలకు మించి ఆలస్యమై మనం ఎక్కకపోయినా, దారి మళ్లి మన స్టేషన్‌కు రాకపోయినా వస్తుంది.

వరదల వల్లో, మూడో లైను పనుల వల్లో బండి రద్దయితే, ఆలస్యమైతే ఏం చేయాలి?

మన వైపు ఇది ఏటా ఎదురయ్యే ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట వరదకు కొట్టుకుపోయి, గాలిలో వేలాడే పట్టాలను మనమంతా చూశాం. ఆ రోజుల్లో కాజీపేట, విజయవాడల మధ్య బండ్లు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి, మరికొన్ని దారి మళ్లాయి. బల్లార్షా వైపు, విజయవాడ వైపు అదనపు లైన్ల పనులు జరిగేటప్పుడు కూడా ఇదే పరిస్థితి.

బండి పూర్తిగా రద్దయితే ఆన్‌లైన్ టికెట్‌కు పూర్తి ఛార్జీ తానే వస్తుంది, కౌంటర్ టికెట్‌ను బయలుదేరవలసిన సమయం నుంచి 3 రోజుల లోపు ఇచ్చి తీసుకోవాలి. మన స్టేషన్‌లో బండి 3 గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే పూర్తి ఛార్జీ వస్తుంది, కానీ బండి నిజంగా కదలకముందే టీడీఆర్, అంటే రిఫండ్ కోరే ఆన్‌లైన్ దరఖాస్తు, దాఖలు చేయాలి. బండి వెళ్లిపోయాక ఇంటికి వచ్చి తీరిగ్గా దాఖలు చేసినవారికి ఆ హక్కు పోతుంది, కాబట్టి ప్లాట్‌ఫాం మీద ఉండగానే ఫోన్ తీయండి. ఆలస్యాన్ని చూపే తెరను కూడా సమయంతో సహా ఫోటో తీసి ఉంచండి.

రైలు ఆలస్యమై శంషాబాద్‌లో విమానం తప్పిపోతే టికెట్ రిఫండ్‌తో ఆ నష్టం తీరదు. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. జమ్మూకు వెళ్లే బండి దాదాపు 4 గంటలు ఆలస్యమై శ్రీనగర్ విమానం అందుకోలేకపోయిన కుటుంబానికి పరిహారం చెల్లించాలన్న ఆదేశాన్ని కోర్టు ఖాయం చేసింది. ఆలస్యానికి తమ చేతిలో లేని కారణం ఉందని రైల్వే నిరూపించలేకపోతే బాధ్యత వహించాలని చెప్పింది.

ఏసీ పనిచేయలేదు, లేదా కింది తరగతిలో కూర్చోబెట్టారు. తేడా డబ్బు వస్తుందా?

వస్తుంది. బండిలోనే టీటీఈ దగ్గర ధ్రువపత్రం రాయించుకోండి. ఏసీ చెడిపోతే గమ్యం చేరిన 20 గంటల లోపు టీడీఆర్ పెట్టాలి.

నేను వెళ్లలేను. నా టికెట్‌పై మా తమ్ముడు వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, ఈ సౌకర్యం తెలిసినవారు చాలా తక్కువ. ఖరారైన టికెట్‌ను తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త, పిల్లల పేరుకు మార్చవచ్చు. బయలుదేరడానికి 24 గంటల ముందే ముఖ్య రిజర్వేషన్ సూపర్‌వైజర్‌కు, బంధుత్వాన్ని చూపే రుజువుతో, రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి.

"నాన్ రిఫండబుల్" విమాన టికెట్ కొన్నాను. అంతా పోయినట్టేనా?

అంతా పోదు. చట్టబద్ధ పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుములు ప్రయాణించనప్పుడు తిరిగి ఇవ్వాలి. ప్రత్యేక ఛార్జీల టికెట్లకు, మూల ఛార్జీ వెనక్కి రాని టికెట్లకు, విమానం ఎక్కకుండా వదిలేసిన టికెట్లకు కూడా ఇది వర్తిస్తుంది. రద్దు రుసుము ఏ పరిస్థితిలోనూ మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. చవక టికెట్‌లో మూల ఛార్జీ తక్కువ, పన్నుల వాటా ఎక్కువ కనుక ఈ మొత్తం చిన్నదేమీ కాదు. అడగనివారికి ఇవ్వరు, అడిగినవారికి ఇవ్వక తప్పదు.

2016లో ఇంకో వెసులుబాటు వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం బుక్ చేసిన 24 గంటల లోపు, ప్రయాణానికి కనీసం 7 రోజులుంటే, రుసుము లేకుండా రద్దు చేసుకోవడానికి, మార్చుకోవడానికి వీలుండేది. డీజీసీఏ ఈ నిబంధనలను సవరిస్తూ వస్తోంది కాబట్టి బుక్ చేసేటప్పుడు దాని వెబ్‌సైట్‌లో తాజా పాఠాన్ని చూసుకోండి.

సంస్థే విమానాన్ని రద్దు చేస్తే రిఫండ్ కాక ఇంకేమైనా ఇస్తారా?

నిబంధనల ప్రకారం ముందుగా తెలియజేయకుండా రద్దు చేస్తే ప్రత్యామ్నాయ విమానమో, పూర్తి రిఫండో ఇవ్వడమే కాక పరిహారం కూడా చెల్లించాలి. దేశీయ ప్రయాణ కాలం గంట లోపు ఉంటే 5,000, రెండు గంటల లోపు ఉంటే 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన రుసుముల మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం వంటి చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం రాదు. రెండు వారాల ముందే తెలియజేసినా రాదు.

సరైన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇవ్వని ప్రయాణికుడికి కూడా పరిహారం ఉండదు. ఏజెంట్లు తమ సొంత నంబరు పెట్టి బుక్ చేసినప్పుడు రద్దు సందేశం ఏజెంటుకే వెళ్తుంది, మనవాడు మాత్రం బ్యాగులతో శంషాబాద్ చేరుకుంటాడు. మామునూరు విమానాశ్రయం తెరుచుకునే దాకా మనకు శంషాబాదే దిక్కు, అక్కడి దాకా కిరాయి కారు ఖర్చు కూడా తక్కువ కాదు. ఆ బిల్లును పారేయకండి, కమిషన్ ముందు నష్టం అడిగేటప్పుడు పనికొస్తుంది.

మా నాయన దుబాయి టికెట్ జగిత్యాలలో ఏజెంటు దగ్గర తీసుకున్నాం. వీసా ఆలస్యమై వెళ్లలేదు. ఏజెంటు "సంస్థ ఇవ్వలేదు" అంటున్నాడు, సంస్థ "ఏజెంటును అడగండి" అంటోంది. ఎవరిని పట్టుకోవాలి?

ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలను ఎక్కువగా ఏడిపించేది ఈ ప్రశ్నే. అప్పు తెచ్చి కొన్న టికెట్ అది, ఆ డబ్బు ఆగిన ప్రతి నెలా ఇంటి మీద వడ్డీ పడుతుంది.

డీజీసీఏ నిబంధన ప్రకారం ఏజెంటు ద్వారా కొన్నా, పోర్టల్‌లో కొన్నా రిఫండ్ బాధ్యత విమానయాన సంస్థదే, ఎందుకంటే ఏజెంట్లు ఆ సంస్థ నియమించుకున్న ప్రతినిధులు. విదేశీ సంస్థ అయితే రిఫండ్ వారి దేశపు నిబంధనల ప్రకారం ఉంటుంది. కాబట్టి ముందుగా పీఎన్ఆర్‌తో సంస్థ వెబ్‌సైట్‌లో టికెట్ స్థితి చూసి, రద్దయిందా, రిఫండ్ ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన ఎంత మొత్తం ఎవరి ఖాతాకు వెళ్లిందో ఈమెయిల్‌లో అడగండి. సంస్థ ఏజెంటు ఖాతాకు పంపేశామని జవాబిస్తే ఆ కాగితమే మీ ఆయుధం. దాన్ని చూపినప్పుడు ఏజెంటు మాట తీరు మారుతుంది.

గ్రూపు టికెట్లు, అంటే ఏజెంటు ముందే మొత్తంగా కొనిపెట్టుకున్న సీట్లు, చవకగా దొరుకుతాయి కానీ వాటి రద్దు షరతులు చాలా కఠినంగా ఉంటాయి. కొనేటప్పుడే "ఇది గ్రూపు టికెట్టా? రద్దు చేస్తే ఎంత వస్తుంది?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి. బిల్లులో ఛార్జీ, పన్నులు, ఏజెంటు కమీషను వేరువేరుగా ఉండాలి, కాగితం ఇవ్వనివారి దగ్గర కొనకండి. చేతిలో వీసా పడేదాకా రిఫండ్ లేని టికెట్ కొనకూడదన్నది నా సలహా, ఆ తొందర పెట్టేది చాలాసార్లు ఏజెంటే.

బస్సు టికెట్ల సంగతేమిటి?

ఆర్టీసీలో ఎక్కడ బుక్ చేస్తే అక్కడే రద్దు చేయాలి, రిజర్వేషన్ రుసుము తిరిగి రాదు. ప్రైవేటు బస్సుల్లో ప్రతి ఆపరేటరుకూ వేరే షరతులుంటాయి. ఏసీ స్లీపర్ అని చెప్పి వేరే బస్సు పంపితే ఎక్కేముందే బస్సును, నంబరు ప్లేటును ఫోటో తీసి యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎక్కి బెంగళూరు చేరాక పెట్టే ఫిర్యాదుకు బలం తగ్గుతుంది.

డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. "రిఫండ్ పంపేశాం" అంటారు, ఖాతాలో కనిపించదు.

మొదటిది విఫలమైన లావాదేవీ. 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, వ్యాపారికి యూపీఐలో చెల్లించిన డబ్బు అక్కడ ఖరారు కాకపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఖాతాదారుడు అడగకుండానే ఇవ్వాలి. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

రెండో సందర్భంలో వాదన పెట్టుకోకుండా రిఫండ్ నంబరు అడగండి. కార్డుకైతే ఏఆర్‌ఎన్, యూపీఐకైతే ఆర్‌ఆర్‌ఎన్ అనే సంఖ్య ఉంటుంది. డబ్బు నిజంగా పంపినవారు ఆ సంఖ్య ఇవ్వగలరు, దానితో మీ బ్యాంకు శాఖ జాడ తీయగలదు. సంఖ్య ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా బయలుదేరలేదనే అనుకోవాలి.

ఇంత చేసినా ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్లాలి?

విమానాలకు ఎయిర్‌సేవ పోర్టల్, రైళ్లకు రైల్ మదద్ లేదా 139, మిగతా అన్నిటికీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నాయి. 1915లో తెలుగులో మాట్లాడవచ్చు. చాలా వివాదాలు ఈ దశలోనే తేలిపోతాయి.

తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం సంస్థ కార్యాలయం ఢిల్లీలో ఉన్నా, గుర్గావ్‌లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. రైలు ఛార్జీ రిఫండ్ వివాదాలు మాత్రం 1987 నాటి చట్టం కింద ఏర్పడిన రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తాయి, దాని బెంచి సికింద్రాబాద్‌లో ఉంది.

ఫిర్యాదుకు ముందు పంపే లేఖలో ఏం రాయాలి?

కోపం రాయకండి, తేదీలు రాయండి. ఈ నమూనాను మీ వివరాలతో మార్చుకోవచ్చు:

"ఫలానా తేదీన ఫలానా పీఎన్ఆర్‌పై నేను ఇన్ని రూపాయలు చెల్లించాను. ఫలానా తేదీన మీరు ప్రయాణాన్ని రద్దు చేశారు. నా సమ్మతి లేకుండా ఇచ్చిన వోచర్‌ను నేను వాడలేదు, అంగీకరించడం లేదు. ఈ లేఖ అందిన 15 రోజుల లోపు పూర్తి మొత్తాన్ని నేను చెల్లించిన ఖాతాకు పంపాలి. లేనిపక్షంలో రిఫండ్, వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం కోరుతూ మా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

దీన్ని సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌లోనూ, ప్రధాన కార్యాలయానికి స్పీడ్ పోస్టులోనూ పంపి, పోస్టాఫీసు రసీదును టికెట్ ప్రతితో కలిపి పిన్ను కొట్టి ఉంచండి.